ఎండలో తూలిన బాటసారి

వేసవి మధ్యాహ్నం. పెద్దమండ్యం మండలంలోని ఏదో ఒక పల్లెదారి. ఇరువైపులా కాగిపోతున్న బండరాళ్ల గుట్టలు, దున్నకుండా ఎండుతున్న వేరుశనగ చేలు, దూరదూరంగా చింతచెట్ల నీడలు. ఆ దారిన ఒక మనిషి సైకిలు తొక్కుకుంటూ వస్తున్నాడు. వెనుక క్యారియరుకు బట్టల మూట కట్టి ఉంది. సైకిలు తిన్నగా సాగడం లేదు. ఒకసారి కుడికి, మరొకసారి ఎడమకు ఒరిగిపోతోంది. ఎవరైనా పలకరిస్తే పొంతన లేని మాటలతో బదులిస్తున్నాడు. కొంతదూరం పోయి, వచ్చిన దారినే తిరిగి వెళ్లబోతున్నాడు.

చూసినవారు ఏమనుకుంటారు? “పట్టపగలే తాగినట్లున్నాడు” అనుకొని పక్కకు తప్పుకుంటారు. ఆ అనుమానం ఒక నిండు ప్రాణాన్ని బలిగొనవచ్చు. ఎందుకంటే వడదెబ్బ మెదడును తాకినప్పుడు మనిషి సరిగ్గా అలాగే ప్రవర్తిస్తాడు. నడక తూలుతుంది, మాట తడబడుతుంది, దిక్కు తెలియకుండా పోతుంది.

ఇది ఊహాచిత్రమే అయినా, ఇటువంటి సంఘటన ఒకటి చరిత్రలో నిజంగానే జరిగింది. అది మన సోదర సమాజానికి చెందిన ఒక సైకిలు వీరుని జీవితంలో జరిగింది. మన ఇళ్లలోని సైకిలు ప్రయాణికులకు, బడికి వెళ్లే బిడ్డలకు, ఊరూరా తిరిగి సరుకు అమ్ముకునే చిరువ్యాపారులకు, హార్స్‌లీ కొండల ఘాటు రోడ్డు ఎక్కాలని ఉబలాటపడే యువకులకు దాని నుండి నేర్చుకోవలసిన పాఠం ఉంది.

అబ్దుల్ ఖాదర్ జాఫ్ కథ

1950వ సంవత్సరం, జూలై 27. ప్రపంచంలోనే అత్యంత కఠినమైన సైకిలు పందెంగా పేరుగాంచిన ‘టూర్ ద ఫ్రాన్స్’ జరుగుతోంది. ఆనాటి దశ పెర్పిన్యాన్ పట్టణం నుండి నీమ్ పట్టణం వరకు. దూరం రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. దక్షిణ ఫ్రాన్సులో ఆ దినం ఎండ నిప్పులు చెరుగుతోంది. పేరొందిన ఆటగాళ్లందరూ ఎండకు వెరచి నెమ్మదిగా సాగుతుండగా, ఉత్తర ఆఫ్రికా జట్టుకు చెందిన ఇద్దరు మాత్రం అందరినీ వెనుకకు నెట్టి ముందుకు దూసుకుపోయారు. వారిలో ఒకరు అల్జీరియా ముస్లిం అబ్దుల్ ఖాదర్ జాఫ్. రెండవవారు ఆయన సహచరుడు మార్సెల్ మొలినెస్. ఒక దశలో వారికీ వెనుకనున్న గుంపుకూ మధ్య పావుగంటకు మించిన ఎడం ఏర్పడింది.

గమ్యం కొద్ది మైళ్లలో ఉందనగా జాఫ్ సైకిలు వంకరలు తిరగసాగింది. ఆయన పడిపోయాడు. దారి పక్కన చెట్టు నీడకు చేరాడు. కొంతసేపటికి లేచి మళ్లీ సైకిలెక్కాడు. అయితే ఎక్కినది నీమ్ వైపు కాదు, వచ్చిన దారి వైపు! చివరకు ఆయనను ఆసుపత్రికి తరలించారు. మొలినెస్ ఆనాటి దశను గెలిచాడు.

ఆ తరువాత పుట్టిన కథే అసలు బాధాకరమైనది. ప్రేక్షకులు ఇచ్చిన ద్రాక్షసారాయి తాగి, అలవాటు లేనందున మైకం కమ్మి జాఫ్ దారి తప్పాడని పత్రికలు రాశాయి. దశాబ్దాల తరబడి లోకం దానిని వినోదంగా చెప్పుకుంది. తాను తాగలేదనీ, స్పృహ కోల్పోయిన తనను తెప్పరిల్లజేయడానికి అక్కడివారు చేతికందిన సారాయిని ఒంటిపై చల్లినందువల్లే ఆ వాసన వచ్చిందనీ జాఫ్ చెప్పుకున్నాడు. ఉత్తేజక మందులను అనుమానించినవారూ లేకపోలేదు. ఏది ఏమైనా, మండుటెండలో గంటల తరబడి శక్తికి మించి తొక్కిన మనిషి తూలడానికీ దిక్కు మరవడానికీ మద్యమే అవసరం లేదని వైద్యశాస్త్రం నేడు స్పష్టంగా చెబుతోంది. మరునాడు జాఫ్ వదిలివేసిన మిగిలిన దూరాన్ని తొక్కి పూర్తి చేస్తాను, పందెంలో కొనసాగనివ్వండని వేడుకున్నాడు. నియమాలు అందుకు అంగీకరించలేదు. కానీ 1951లో ఆయన మళ్లీ వచ్చాడు, అదే పందెం చివరి వరకు తొక్కాడు. అందరికంటే చివరివానిగా నిలిచినా పారిస్ చేరాడు.

ఆనాటి ఆటగాళ్లలో ఒక తప్పుడు నమ్మకం పాతుకుపోయి ఉండేది. నీరు ఎక్కువ తాగితే ఒళ్లు బరువెక్కి వేగం తగ్గుతుందని, దాహాన్ని ఓర్చుకోవడమే మగతనమని వారు భావించేవారు. 1950లో అదే పందెంలో మరికొద్ది దినాలకు వేడికి తాళలేక కొందరు ఆటగాళ్లు సైకిళ్లతో సహా మధ్యధరా సముద్రంలోకి దిగారు. నిర్వాహకులు దానిని క్రమశిక్షణారాహిత్యంగా పరిగణించారు. శరీరశాస్త్రం దృష్టిలో మాత్రం ఆనాడు సరైన పని చేసినవారు వారే. 1967 జూలై 13న ఇంగ్లాండు ఆటగాడు టామ్ సింప్సన్ మోన్ వాంటూ కొండ ఎక్కుతూ కూలి మరణించాడు. తీవ్రమైన ఎండ, నీటి కొరతలకు తోడు ఆయన శరీరంలో ఉత్తేజక మందు, మద్యం కూడా బయటపడ్డాయి. ఈ మరణం తరువాతనే నీరు, ఎండ, మందుల విషయంలో క్రీడాలోకం కళ్లు తెరవసాగింది.

శరీరం లోపల రగిలే కొలిమి

సైకిలు తొక్కే మనిషి కండరాలు తాము ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతును మించి చక్రానికి అందించలేవు. మిగిలిన మూడు వంతులు వేడిగా మారుతాయి. ఒక మోస్తరు వేగంతో తొక్కేవారి ఒంట్లో పుట్టే వేడి మూడు నాలుగు వందల వాట్లకు చేరుతుంది. ఈ వేడి బయటకు పోయే మార్గం మూసుకుపోతే అరవై కిలోల మనిషి శరీర ఉష్ణోగ్రత పది పన్నెండు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున పెరిగిపోగలదు. ముప్పై ఏడు డిగ్రీల దగ్గర ఉండవలసిన దేహం నలభై దాటడానికి ఒక గంట కూడా పట్టదు.

దీనికి కరుణామయుడైన సృష్టికర్త ఏర్పరచిన రక్షణే చెమట. ఒక లీటరు చెమట చర్మంపై పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తనతో తీసుకుపోతుంది. అయితే చెమట కారి నేలపాలైతే ప్రయోజనం లేదు, ఆవిరైతేనే చల్లదనం. మన రాయలసీమ పొడి గాలిలో చెమట ఇట్టే ఆరిపోతుంది. ఇది వరమే గానీ ఒక మోసం కూడా దాగి ఉంది. చొక్కా తడవకపోవడంతో “నాకు చెమటే పట్టలేదు” అని భ్రమపడతాము. నిజానికి గంటకు ఒక లీటరు నీరు మనకు తెలియకుండానే పోయి ఉండవచ్చు. చొక్కాపై తెల్లని ఉప్పు చారలు కనిపించడమే దానికి సాక్ష్యం.

మరొక మోసం గాలిది. గంటకు పదిహేను, ఇరవై కిలోమీటర్ల వేగంతో తొక్కుతున్నప్పుడు మన వేగమే మనకు విసనకర్ర అవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తగ్గుతుంది, శ్రమ పెరుగుతుంది, గాలి ఆగిపోతుంది. వెనుక నుండి గాలి వీస్తున్నప్పుడు కూడా ఇంతే: తొక్కడం సులువనిపిస్తుంది, ఒంటికి మాత్రం గాలి తగలదు. అందుకే సైకిలు ప్రయాణికులు ఎక్కువగా దెబ్బతినేది ఎత్తుల్లోనూ, ఎండలో ఒక్కసారిగా ఆగినప్పుడూ. మదనపల్లె ప్రాంతం సముద్రమట్టానికి సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తున, హార్స్‌లీ కొండలు పన్నెండు వందల మీటర్లకు పైన ఉన్నాయి. అక్కడి గాలి చల్లన అన్న ధీమాతో బయలుదేరేవారు, కొండ పాదం వద్ద ఎండ మండుతూనే ఉంటుందని మరువరాదు.

2015 మే నెల వడగాల్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో రెండు వేలకు పైగా ప్రజలు మరణించారు. ఎండన పడి పనిచేయక తప్పని శ్రామికులకు, వృద్ధులకు ఇటువంటి వడగాల్పులు అందరికంటే ఎక్కువ ప్రమాదకరం.

ఎంత తాగాలి? ఎలా తెలుసుకోవాలి?

ఒంటి బరువులో రెండు శాతం నీరు తగ్గితే, అంటే అరవై కిలోల మనిషికి 1.2 లీటర్లు పోతే, తొక్కే సామర్థ్యం పడిపోవడం మొదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, అదే దారి బరువుగా తోస్తుంది. ఎవరికి ఎంత నీరు అవసరమో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు, ఇంట్లో బరువు తూచే యంత్రం చాలు. బయలుదేరేముందు పలుచని దుస్తులతో బరువు చూసుకోండి. ఒక గంట తొక్కి వచ్చి, చెమట తుడుచుకొని మళ్లీ చూసుకోండి. తగ్గిన ప్రతి కిలో ఒక లీటరు నీటితో సమానం. దారిలో తాగిన నీటిని దానికి కలపండి. ఉదాహరణకు అరవై కిలోలున్న యువకుడు 59.2 కిలోలకు తగ్గి, నడుమ 400 మిల్లీలీటర్లు తాగి ఉంటే, అతని చెమట గంటకు 1.2 లీటర్లు. ఈ లెక్క వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చేసుకుంటే తన దేహం తనకు తెలుస్తుంది.

పోయినదంతా దారిలోనే తిరిగి తాగాలని ప్రయత్నించకూడదు. కడుపు గంటకు ఒక లీటరుకు మించి ఇముడ్చుకోలేదు. పావుగంటకు లేదా ఇరవై నిమిషాలకు ఒకసారి నూట యాభై నుండి రెండు వందల మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న గ్లాసు చొప్పున తాగడం చాలామందికి సరిపోతుంది. మిగిలినది ఇల్లు చేరాక నిదానంగా తీర్చుకోవచ్చు. నీటిని ఒక్క గుక్కలో గటగటా తాగకుండా ఆగి ఆగి తాగాలని దైవప్రవక్త (స) నేర్పిన పద్ధతి మనకు తెలిసినదే. కాగిన దేహంతో ఉన్న సైకిలు ప్రయాణికునికి కూడా అదే సుఖం.

మితిమీరిన నీరు కూడా ప్రమాదమే. 2002లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో 488 మంది పరుగువీరుల రక్తాన్ని పరీక్షించగా, వారిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం తగ్గిపోయినట్లు తేలింది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవారికి, అంటే పోయినదానికంటే ఎక్కువ తాగినవారికి ఆ ముప్పు అధికం. గంటకు మించిన ప్రయాణమైతే వట్టి నీటితో పాటు కొంత ఉప్పు, కొంత తీపి అవసరం. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు (గీసి కొలిచినవి) కలిపితే ఇంటి ద్రావణం సిద్ధమవుతుంది. దుకాణంలో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దానిపై ముద్రించిన కొలత ప్రకారమే కలపాలి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, రాగి అంబలి మన పెద్దలు ఏనాడో కనుగొన్న పానీయాలే. ఎర్ర షర్బత్తులు, సీసాల్లో దొరికే తియ్యని పానీయాలు చిక్కగా తాగితే కడుపులోనే నిలిచిపోతాయి. వాటిని నీటితో బాగా పలుచన చేసుకోవాలి. మధుమేహం, రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడుతున్నవారు ఉప్పు చక్కెరల విషయంలో వైద్యుని సలహా తీసుకోవాలి. జేబులో ఉల్లిపాయ ఉంది గదా అనే ధైర్యం మాత్రం వద్దు. అది నీటికి బదులు కాదు.

చల్లబరచుకునే ఉపాయాలు

సైకిలుకు రెండు సీసాలు ఉండనివ్వండి. ఒకటి తాగడానికి, రెండవది ఒంటిపై పోసుకోవడానికి. తల, మెడ, ముంజేతులపై పోసిన నీరు గాలికి ఆవిరవుతూ చెమట చేయవలసిన పనిలో కొంత తాను చేస్తుంది. దారిలో మసీదు వద్ద ఆగి వుజూ చేసేటప్పుడు ముఖం, ముంజేతులు, పాదాలు తడిసి కలిగే హాయి ప్రతి నమాజీకి అనుభవమే. వుజూ ఉద్దేశం ఆరాధన అయినా, దేహానికి దక్కే ఆ చల్లదనం అదనపు భాగ్యం. తడిపిన తుండుగుడ్డను మెడకు చుట్టుకోవడం, సీసాను తడి గుడ్డలో చుట్టి ఉంచడం ఖర్చులేని పనులు.

దుస్తులు వదులుగా, గాలి ఆడేలా ఉండాలి. నల్లని బురఖా వల్ల వేడి ఎక్కువవుతుందా అని సోదరీమణులు అడుగుతుంటారు. ఎడారిలో బెదూయిన్లు నల్లని అంగీలు ఎందుకు ధరిస్తారన్న ప్రశ్నపై 1980లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. నలుపు వస్త్రం ఎక్కువ వేడిని గ్రహించినప్పటికీ, అంగీ వదులుగా ఉండి లోపల గాలి ప్రసరిస్తే ఆ వేడి చర్మాన్ని చేరకముందే పోతుందని అందులో తేలింది. కాబట్టి రంగు ఒక్కటే కాదు, వదులుతనం, గుడ్డ స్వభావం ముఖ్యం. ఒంటికి అంటుకునే సింథటిక్ గుడ్డకంటే వదులైన నూలు గుడ్డ మేలు. సైకిలెక్కే ఆడపిల్లల దుస్తుల అంచులు గొలుసులో, చక్రంలో చిక్కుకోకుండా చూడడం తల్లుల బాధ్యత.

అన్నింటికంటే తేలికైన ఉపాయం వేళ మార్చుకోవడం. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు జుహర్ నమాజును కాస్త చల్లబడే వరకు ఆలస్యం చేయమని ప్రవక్త (స) బోధించారు. ఆరాధనలోనే ఇంతటి సౌలభ్యం ఉన్నప్పుడు మన వ్యాపారమూ వ్యాయామమూ పదకొండు నుండి నాలుగు గంటల నడుమనే సాగాలన్న పట్టుదల ఎందుకు? ఫజర్ తరువాత రెండు గంటలు, అసర్ తరువాత మగ్రిబ్ వరకు సైకిలుకు తగిన వేళలు. నీడ విలువను నగరాలు కూడా గుర్తిస్తున్నాయి. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు బాటకు సౌరఫలకాలనే పైకప్పుగా అమర్చారు. మన పల్లెదారికి ఆ భాగ్యం లేకున్నా చింతచెట్టు ఉంది.

వేసవి ఆరంభంలో ఒక్కసారిగా దూరాలు తొక్కరాదు. దేహం ఎండకు అలవాటు పడటానికి ఏడు నుండి పద్నాలుగు దినాలు పడుతుంది. ఈ కాలంలో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, దానిలో పోయే ఉప్పు తగ్గుతుంది. రోజుకు కొంత చొప్పున పెంచుకుంటూ పోవాలి. జ్వరం, విరేచనాలు, నిద్రలేమి ఉన్ననాడు మానుకోవాలి.

రమజాను వేసవిలో వచ్చే సంవత్సరాలలో ఉపవాసులు పగటి ఎండలో శ్రమతో కూడిన సైకిలు వ్యాయామం పెట్టుకోకూడదు. ఇఫ్తారు తరువాత లేదా సహరీకి ముందు తేలికగా చేసుకోవచ్చు. బ్రతుకుతెరువు కోసం తొక్కక తప్పనివారు సహరీలో నీటితో పాటు మజ్జిగ, గంజి వంటివి తీసుకోవాలి. రోగికి, ప్రయాణికునికి షరీఅతు ఇచ్చిన సడలింపుల గురించి ఆలిములను అడిగి తెలుసుకోవాలి. ప్రాణాపాయం ఏర్పడినప్పుడు ఉపవాసం విరమించి, తరువాత ఖజా చేసుకునే వెసులుబాటు ఉంది. దానిని వాడుకోవడం బలహీనత కాదు. దేహం మనకు అప్పగించబడిన అమానతు.

తూలుతున్నవానిని చూసినప్పుడు

తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం, ఎండలోనూ చలి పుట్టినట్లు రోమాలు నిక్కబొడుచుకోవడం మొదటి హెచ్చరికలు. ఇవి కనిపించగానే దిగి నీడకు చేరాలి. మాట తడబడటం, తూలడం, చికాకుగా ప్రవర్తించడం, దిక్కు మరవడం కనిపిస్తే అది వడదెబ్బగానే భావించాలి. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అన్నది సరికాదు. శ్రమవల్ల వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు.

అప్పుడు చేయవలసినది ఒక్కటే: ముందు చల్లబరచాలి, తరువాత తరలించాలి. 108కు ఫోను చేయించి, వాహనం వచ్చేలోగా మనిషిని నీడకు చేర్చి, పైదుస్తులు వదులు చేసి, ధారగా నీరు పోయాలి, గాలి విసరాలి. పక్కనే టమోటా తోటలో బోరు నీటి తొట్టి ఉంటే తల పైకి పట్టుకొని మెడ వరకు అందులో ఉంచడం ఉత్తమం. తొలి అరగంటలో దేహం చల్లబడితే బ్రతికే అవకాశం ఎంతో ఎక్కువ. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీరు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జ్వరం మాత్రలు ఈ వేడిని తగ్గించలేవు. బాధితురాలు స్త్రీ అయితే స్త్రీలు ముందుకు వచ్చి మర్యాదను కాపాడుతూ సాయపడాలి. అయితే వారి కోసం ఎదురుచూస్తూ ప్రాణం పోగొట్టరాదు.

తోటివారి పట్ల సదభిప్రాయం కలిగి ఉండాలని మన ధర్మం బోధిస్తుంది. దాహంతో ఉన్న కుక్కకు నీరు పట్టినందుకే క్షమాపణ పొందిన వ్యక్తి ఉదంతం హదీసులలో ఉంది. ఈ వేసవిలో మన వాకిట ఒక కుండ, ఒక గ్లాసు, పక్కనే కొంచెం ఉప్పు ఉంచుదాము. మసీదు గేటు వద్ద చలివేంద్రం నడుపుదాము. పిల్లవాని సైకిలుకు రెండో సీసా కట్టి పంపుదాము.

జాఫ్ ఆ రోజు పడిపోయినప్పుడు అక్కడ ఉన్నవారు సాయం చేయాలనే చూశారు, కాని వారి చేతిలో నీరు లేకపోయింది. తరువాతి లోకమేమో ఆయనపై తాగుబోతు ముద్ర వేసి నవ్వుకుంది. రేపు మన ఊరి దారిన ఎవరైనా తూలుతూ వస్తే మన చేతిలో నీరు ఉండాలి, మన మనసులో ఆ అనుమానం ఉండకూడదు.